రాయి దగ్గర ఆగిన ఆట

నేను ఆరో తరగతిలో ఉండగా మా హాస్టల్‌కి విశాఖపట్నం నుంచి మూడు అట్టపెట్టెలు వచ్చాయి. ఓడల్లో పనిచేసి రిటైరైన ఒకాయన ఇల్లు మారుతూ, పనికొస్తాయేమోనని మిషన్ వాళ్ళకి ఇచ్చేసిన సామాను అది. దుప్పట్లు, గిన్నెలు, ఒక ఇస్త్రీపెట్టె, అన్నిటికీ అడుగున ఒక పాత జపాన్ వీడియోగేమ్ మెషిన్, రెండు డిస్కులు. అరకులో మా హాస్టల్ చూసుకునే సిస్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఒక గంట ఆడుకోమంది. ఒక డిస్కు పనిచేయలేదు. పనిచేసిన డిస్కులోని ఆట మొత్తం జపనీస్‌లో ఉంది.

మొదటి రెండు ఆదివారాలు ఆడపిల్లలందరం టీవీ ముందే కూర్చున్నాం. తెర మీద నలుగురు చిన్న మనుషులు కొండలూ అడవులూ దాటుతూ నడుస్తుంటారు. ఊళ్ళు వస్తాయి, ఊళ్ళో వాళ్ళు ఏదో చెబుతారు, దారిలో రాక్షసులు ఎదురవుతారు. యుద్ధం కూడా నిదానమే. మన వంతు, వాళ్ళ వంతు, మళ్ళీ మన వంతు. ఎవరేమంటున్నారో తెలియదు, ఎటు వెళ్ళాలో తెలియదు. మూడో ఆదివారానికి టీవీ ముందు ఇద్దరమే మిగిలాం. నేను, పెదబయలు అవతల ఒక కొండ ఊరి నుంచి వచ్చిన నా క్లాసు పిల్ల.

నాకంటే తనే బాగా ఆడేది. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. వాళ్ళింట్లో మాట్లాడేది కువి, అక్కడి కొండ ఊళ్ళ భాష. మూడో తరగతిలో హాస్టల్‌కి వచ్చేనాటికి తనకి తెలుగు పది మాటలు కూడా రావు. టీచరు చెప్పేది అర్థం కాకుండానే ఏడాదిపాటు బడిలో కూర్చుంది. ఎవరు ఎటు చూస్తున్నారు, ఎవరి గొంతు లేచింది, ఏ మాట పదేపదే వస్తోంది అని కనిపెట్టి రోజు గడుపుకోవడం తనకి అప్పటికే అలవాటు. జపనీస్ అక్షరాల్లో ఫలానా గుర్తు మందుల దుకాణంలోనే వస్తుందని, ఇంకో గుర్తు తాళం వేసిన తలుపు దగ్గరే వస్తుందని తనే పట్టుకుంది. మా అమ్మానాన్నలు ఇద్దరూ అప్పట్లో వేరే ఊళ్ళో మిషన్ బడి టీచర్లు. నాకు తెలుగు పుట్టుకతో వచ్చింది. అర్థం కాని చోట ఓపిగ్గా కూర్చోవడం నాకు చేతకాదు.

"ఆ ముసిలోడు ఏటంటన్నాడే?" అని అడిగేదాన్ని.

"ఉత్తరం పక్కకి ఎల్లమంటన్నాడు."

"నీకెలా తెలుసు?"

"మాటాడినప్పుడల్లా అటే తిరుగుతన్నాడు. సూడు."

తొమ్మిదో తరగతి వానాకాలంలో మెషిన్‌లోకి చెమ్మ చేరి ఆగిపోయింది. ఆట చివరి దాకా మేం వెళ్ళలేదు. దానికి పెద్దగా బాధపడినట్టు కూడా గుర్తు లేదు. పరీక్షలొచ్చాయి.

నేను విశాఖలో ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌లో ఫోన్ ఆటల కంపెనీలో చేరాను. ఆటలు బయటికి వెళ్ళేముందు వాటిలో తప్పులు వెతకడం నా పని. తను పాడేరులో డిగ్రీ చేసి, బొమ్మలు వేయడం సొంతంగా నేర్చుకుని, అరకులో గది తీసుకుని కాఫీ దుకాణాలకీ రిసార్టులకీ బోర్డులు రాసేది. లాక్‌డౌన్‌లో నేను ఇంటికొచ్చాను. ఇంటి నుంచి పని చేస్తుండగానే కంపెనీ మా టీమ్‌ని ఎత్తేసింది. నేను తిరిగి వెళ్ళకుండా అరకులోనే ఒక బడిలో కంప్యూటర్ టీచరుగా కుదురుకున్నాను.

హైదరాబాద్‌లో ఉన్న చివరి రోజుల్లో ఒక ప్రకటన చూశాను. పాత జపాన్ ఆటలు తయారుచేసిన కొందరు పెద్దవాళ్ళు మళ్ళీ కలిసి అలాంటిదే కొత్త ఆట చేస్తామని, ముందుగా డబ్బు ఇవ్వగలిగినవాళ్ళు ఇవ్వమని ఇంటర్నెట్‌లో అడుగుతున్నారు. పాత ఆటల హక్కులు కంపెనీల దగ్గర ఉండిపోయాయి కాబట్టి ఆ పేర్లు వాళ్ళు వాడుకోలేరు. పేరు మారుతుంది, ప్రాణం అదే ఉంటుంది. స్పిరిచ్యువల్ సక్సెసర్ అంటారు దీన్ని. ఇలా నలుగురి దగ్గరా ముందే పోగుచేయడాన్ని క్రౌడ్‌ఫండింగ్ అంటారు. నేనూ కొంత ఇచ్చాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి వాళ్ళ దగ్గర నుంచి ఉత్తరాలు వచ్చేవి. ఇది ఆలస్యమవుతోంది, అది మార్చాం, ఫలానా ఊరు తీసేశాం, క్షమించండి అని. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ నా స్నేహితురాలికి చదివి వినిపించేదాన్ని. చివరికి ఆట వచ్చింది. ఇద్దరం సంక్రాంతి సెలవులు మొత్తం మా ఇంట్లో కూర్చుని ఆడాం.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగుంది. ఆళ్ళు కుర్రోళ్ళుగా ఉన్నప్పుడు ఏటి ఇష్టమో అదంతా ఎట్టేరు." ఆట కట్టేసి, "మనది మనం సెయ్యొచ్చు కదా" అంది.

అలా మొదలైంది. ప్రోగ్రామ్ నేను రాశాను, బొమ్మలు తను వేసింది. ఒక కొండ పిల్ల తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఊరు తర్వాత ఊరు దాటుతూ పోతుంది. కువి మాట్లాడే ఊళ్ళలో మాటలకి అనువాదం ఉండదు. ఆడేవాళ్ళు మొహాలూ సైగలూ చూసి పోల్చుకోవాలి. ఇది తన ఆలోచన. చివర్లో ఒక పెద్ద యుద్ధం ఉండాలనేది నా ఆలోచన. ఎవరితో అన్నది కూడా నేనే చెప్పాను. వాళ్ళ ఊరి పొలిమేరలో, దారి మలుపు దగ్గర ఒక రాయి ఉంది. ఆ ఊరివాళ్ళకి ఆ రాయే దేవత. ఆవిడకు పేరుంది, ఇక్కడ రాయను. హాస్టల్‌లో ఉండగా తను ఆవిడ గురించి చెప్పిన సంగతులు నాకు గుర్తున్నాయి.

"ఆవిడా?" అంది తను.

"ఇలాంటిది ఏ ఆటలోనూ లేదు. నువ్వేస్తే చూడాలి."

వేసింది. రాతిలోంచి లేస్తున్న ఆడమనిషి, తీగలు జుట్టుగా, పొగమంచు చీరగా. తను వేసినవాటిలో అంత బాగా కుదిరిన బొమ్మ నేను అప్పటికి చూడలేదు. మేం కూడా క్రౌడ్‌ఫండింగ్ సైటులో డబ్బు అడగడానికి చేసిన వీడియోలో ఆ యుద్ధాన్నే మొదట పెట్టాను. ఊహించినదానికంటే బాగా పోయింది. ఎక్కడెక్కడి వాళ్ళో ఆ బొమ్మ చూసి ఆగామని రాశారు. గడువు ఇంకా రెండు వారాలుండగానే మేం అడిగిన మొత్తంలో మూడొంతులు దాటింది.

ఆ వీడియోని పెదబయలు సంతలో ఎవరో ఫోన్‌లో చూశారు. రెండు రోజుల్లో ఊరికి చేరింది. నా స్నేహితురాలి పెద్దమ్మ రమ్మని కబురు పెట్టింది. ఏటా ఆ రాయి దగ్గర మొక్కు జరిపించే ఇల్లు వాళ్ళదే. ఇద్దరం పాడేరు మీదుగా జీపు ఎక్కి వెళ్ళాం. తిడుతుందనుకున్నాను. వెళ్ళేసరికి ఆవిడ వాకిట్లో కూర్చుని సోళ్ళు, అదే రాగులు, చెరుగుతోంది. చేట పక్కన పెట్టి, "ఆ బొమ్మ సూపించు" అంది.

ఫోన్‌ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూసింది. పిల్ల కర్రతో కొడుతుంది. దెబ్బ ఎంత తగిలిందో చెప్పే అంకెలు దేవత ఒంట్లోంచి ఎగురుతాయి. మళ్ళీ కొడుతుంది. దేవత మోకాళ్ళ మీద పడుతుంది, తెర తెల్లగా అయిపోతుంది. పెద్దమ్మ ముందు కువిలో నా స్నేహితురాల్ని ఏదో అడిగింది. తను తల దించుకుని రెండు మాటల్లో జవాబిచ్చింది. తర్వాత పెద్దమ్మ నాకోసం తెలుగులోకి వచ్చింది.

"పడిపోయినాదేటి?"

"ఆట కదా పెద్దమ్మా. ఊరికే బొమ్మ."

"బొమ్మని తెల్సు. ఇది ఎంతమంది ఆడతారు?"

"కొన్నవాళ్ళందరూ. వెయ్యిమంది కావచ్చు. ఎక్కువే కావచ్చు."

"అందరూ కొడతారేటి?"

"ఆట పూర్తవ్వాలంటే కొట్టాలి."

ఆవిడ ఫోన్‌ని జాగ్రత్తగా చాప మీద పెట్టింది. "ఒకడు తెలీక కొడితే ఊరుకుంటాది. వెయ్యిమంది కొడితే నొప్పెట్టదేటి?"

ఆవిడే మళ్ళీ అడిగింది. "మీ గుడిలో ఆయన ఉన్నాడు కదా. ఆయన్ని ఎట్టినావేటి ఇందల?"

"లేదు."

"ఏం?"

"ఆలోచన రాలేదు పెద్దమ్మా."

"రానేదు," అని ఆ మాటనే ఇంకోసారి అని చేట అందుకుంది. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అంది. "అన్నం తినేసి బేగి ఎల్లండి. జీపు ఎల్లిపోతాది."

పాడేరు బస్టాండులో టీ తాగుతూ నేను నా ఆలోచన చెప్పాను. ఇంకా పది రోజులే కదా. ఇప్పుడేమీ అనొద్దు. డబ్బు చేతికొచ్చాక ఆ యుద్ధం నెమ్మదిగా తీసేద్దాం. ఎవరు అడుగుతారు?

"ఇచ్చినోళ్ళకి ఒకటి సూపించి ఇంకోటి ఇత్తావేటి?" అంది తను.

"ఆటలో మార్పులు అందరూ చేస్తారు. ఆ జపాన్ వాళ్ళు చెయ్యలేదా?"

"ఆళ్ళు సెప్పి సేసినారు. ఆ ఉత్తరాలు నువ్వే కదా నాకు సదివినావు."

"మరి డబ్బు రాకపోతే?"

"రాదు." టీ గ్లాసు బెంచీ మీద పెట్టి అరకు బస్సు వచ్చిందేమో చూడ్డానికి లేచింది.

మర్నాడు డబ్బు ఇస్తామన్నవాళ్ళకి ఉత్తరం రాశాం. తను తెలుగులో చెప్పింది, నేను ఇంగ్లీషులో పెట్టాను. వీడియోలో చూపించిన దేవతని ఇప్పటికీ కొలిచేవాళ్ళున్నారు, వాళ్ళని అడక్కుండా వేశాం, అది మా తప్పు. ఇప్పుడు వాళ్ళే పిలిచి, ఇంతమంది కొడితే ఆవిడకు నొప్పి అన్నారు. ఆ యుద్ధం ఆటలో ఉండదు. ఇది ఇష్టం లేనివాళ్ళు మాట వెనక్కి తీసుకోవచ్చు. అంతే రాశాం. అంత పొడిగా కాకుండా కొంచెం బతిమాలినట్టు రాద్దామని నేను అన్నాను. తను ఒప్పుకోలేదు.

చాలామంది వెనక్కి తీసుకున్నారు. కొందరు మర్యాదగా కారణం చెప్పారు, కొందరు చెప్పలేదు. మీ కళని మీరే కత్తిరించుకుంటున్నారని ఒకరు జాలిపడ్డారు. ఇంకొకరు పొడుగ్గా రాశారు. ఈ రకం ఆటలన్నిటిలో చివరికి దేవుణ్ణి చంపడమే ఆనవాయితీ, అది తీసేశాక మీరు దేనికి వారసులు అని. ఆ మనిషి చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నేను మా హాస్టల్ ఆట గురించి వెతికి చూశాను. దాని చివర కూడా ఒక దేవుడితోనే యుద్ధమట. నా స్నేహితురాలికి చెబితే, "మనకి తెలీనేదు" అని ఊరుకుంది. ఉత్తరం చదివి తాము ఇచ్చే మొత్తాన్ని పెంచినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు కొద్దిమందే.

గడువు ముగిసిన రోజు మేం లంబసింగిలో ఉన్నాం. చలికాలం చూడ్డానికి జనం వచ్చే రోజులు. ఒక టిఫిన్ దుకాణానికి తను బోర్డు రాస్తోంది, నేను రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డాను. పొగమంచులో ఎదురుగా ఆగిన కార్లు కూడా సరిగ్గా కనబడటం లేదు. పొద్దున్న పదింటికి గడువు అయిపోయింది. అడిగినంతా పోగుకాకపోతే ఎవరి డబ్బూ ఎవరికీ వెళ్ళదు, అదీ ఆ సైటు నియమం.

ఫోన్ చూసి, "అయిపోయింది, రాలేదు" అన్నాను.

"ఊఁ. ఎర్ర డబ్బా ఇలాగియ్యి," అంది.

ఆ తర్వాత రెండు నెలలు నేను తన గదికి వెళ్ళలేదు. బడిలో పని ఎక్కువగా ఉందని చెప్పాను. నిజానికి నాకు కోపం. హైదరాబాద్ ఉద్యోగం పోయాక నేను గట్టిగా పట్టుకున్నది ఆ ఒక్క ఆటనే. పది రోజులు నోరు మూసుకుని ఉంటే అయ్యేది. మనసులో తనతోనూ, పెద్దమ్మతోనూ వాదించేదాన్ని. రాయికి నొప్పేమిటి, అంకెలకి నొప్పేమిటి అని. వాదనలో ప్రతిసారీ నేనే గెలిచేదాన్ని. గెలిచాక మాత్రం ఏమీ బాగుండేది కాదు.

ఒక ఆదివారం పూజ అయిపోయాక మా గుడిలోకి టూరిస్టులు వచ్చారు. అరకులో అది మామూలే. అందులో ఒకతను పీఠం దాకా వెళ్ళి, సిలువ పక్కన నిలబడి, తనూ అలాగే చేతులు చాచి తల వాల్చి ఫోటో తీయించుకున్నాడు. వాళ్ళవాళ్ళు నవ్వారు. చెడ్డవాడిలా ఏమీ లేడు. మా అమ్మ వెళ్ళి, "బాబూ, అక్కడ నిలబడకండి" అని చెబితే వెంటనే సారీ అని దిగిపోయాడు. నేను బెంచీలు సర్దడం ఆపి, వాళ్ళు బయటికి వెళ్ళేదాకా అక్కడే నిలబడ్డాను. దీన్నీ దాన్నీ ఒకే గాటన కట్టొచ్చో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం మాత్రం నా స్నేహితురాలి గదికి వెళ్ళాను.

ఆ రెండు నెలలూ తను ఆట పని ఆపలేదు. నేను లేకుండానే ఊరికి రెండుసార్లు వెళ్ళి పెద్దమ్మతో కూర్చుని వచ్చింది. బల్ల మీద కొత్త బొమ్మలున్నాయి. అన్నిటిలోనూ రాయి ఉంది, ఆడమనిషి లేదు.

"ఆవిడికి మొకం ఉండదంట," అంది. "నానే ఎట్టేను. అది కూడా తప్పే."

"మరి ఇక్కడ ఏం జరుగుతుంది ఆటలో?"

"దారంట ఎల్లినోళ్ళు ఒక ఆకుకొమ్మ ఇరిసి రాయి ముందర ఏసి ఎల్తారు. అంతే."

"వెయ్యకపోతే?"

"పెద్దమ్మని అదే అడిగేను. ఏటీ అవదంట."

"ఏమీ అవకపోతే ఎవరు వేస్తారే? ఆటలో ఏదో ఒకటి పోవాలి, లేకపోతే రావాలి."

"ఊర్లో అందరూ ఏత్తారు కదా," అంది తను.

ఆటలు పరీక్షించే ఉద్యోగంలో నేర్చుకున్నదంతా ఆ జవాబుకి అడ్డం వచ్చింది. అయినా అలాగే చేశాను. కొమ్మ వేసినా వేయకపోయినా పిల్ల ముందుకు వెళ్ళిపోతుంది. వేసినవి మాత్రం అక్కడే పోగుపడుతుంటాయి. చివరి యుద్ధం అసలు లేదు. తమ్ముడు దొరుకుతాడు, ఇద్దరూ ఇంటిదారి పడతారు. బడి అయ్యాక వారానికి మూడు సాయంత్రాలు పనిచేస్తే ఏడాదిన్నరకి పూర్తయింది. మొదట అనుకున్నదాంట్లో మూడోవంతు ఉంటుంది. సంగీతానికి మనిషిని పెట్టుకోలేకపోయాం. వాగు చప్పుడూ సంత చప్పుడూ మా ఫోన్లతో రికార్డు చేసి వాడాం.

చవకగా అమ్మకానికి పెట్టాం. అప్పుడు వెనక్కి తీసుకున్నవాళ్ళలో కొందరు కొన్నారు. యుద్ధాలు తక్కువని, కువి అర్థం కావడం లేదని, చివర చప్పగా ఉందని రాశారు. రాయి దగ్గర ఎందుకో ప్రతిసారీ ఆగుతున్నామని కూడా ఇద్దరు ముగ్గురు రాశారు. పెద్దమ్మకి లాప్‌టాప్‌లో చూపించాం. మొత్తం చూసి, రాయి దారికి కుడి పక్క పెట్టారని, పెదబయలు నుంచి వచ్చేటప్పుడు అది ఎడం పక్క ఉంటుందని చెప్పింది. ఆ వారమే మార్చాను.

ఇప్పుడు తను కువి పిల్లల వాచకానికి బొమ్మలు వేస్తోంది. నేను అదే బడిలో ఉన్నాను. ఈ మధ్య ఒక మధ్యాహ్నం వాన తగ్గేదాకా బడి వరండాలో ఇద్దరం కూర్చున్నప్పుడు అడిగాను.

"అప్పుడు నేను ఎవరికీ చెప్పకుండా దాచేద్దామన్నాను కదా. నీకు కోపం రాలేదా?"

"వచ్చింది."

"ఎన్నాళ్ళు?"

"నువ్వు రెండు నెలలు రానేదు కదా. సిగ్గుపడి రాడం నేదనుకున్నాను. అందుకే తగ్గిపోయింది."

ఇన్నేళ్ళ తర్వాత అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. "సిగ్గు కాదు. నాకే నీ మీద కోపం," అన్నాను.

తను నా వైపు చూసింది. "అలాగైతే అప్పుడే సెప్పాలి కదా," అంది. వాన పూర్తిగా తగ్గకముందే లేచి వెళ్ళిపోయింది.

రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసింది. పాడేరులో ఎత్తైన గోడకి బోర్డు రాయాలట, నిచ్చెన పట్టుకోవడానికి ఒక మనిషి కావాలట. సెలవు పెట్టి వెళ్ళాను.